గడగడా చదువుతుంది, ఏముందని అడిగితే గోడ వైపు చూస్తుంది

నయీంనగర్_అమ్మ

మా పాప నాలుగో తరగతి. హన్మకొండలోనే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. చదవమంటే ఆగకుండా చదువుతుంది, ఎక్కడా తడబడదు. పక్కింటివాళ్ళు విని మురిసిపోతారు. పుస్తకం మూసి "ఏముందే అందులో?" అంటే మాత్రం గోడ వైపు చూస్తుంది.

మొన్న పేరెంట్స్ మీటింగులో టీచర్ "కాంప్రహెన్షన్ వీక్" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. ఏం చేయాలో చెప్పలేదు. నా వెనక లైన్లో ఇంకా ముప్పై మంది ఉన్నారు, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. ఇంటికొచ్చి వర్క్‌బుక్ తీశాను. ఒక ఊళ్ళో పాత బావి ఎండిపోతుంది, జనం దిగులు పడతారు, బిందెలు పట్టుకుని పక్క ఊరికి పోతారు. పది లైన్లు. "ద ఓల్డ్ వెల్ వాజ్ డ్రై" దగ్గర ఆపి అర్థం అడిగాను.

"ఓల్డ్ అంటే ముసలాయన. వెల్ అంటే మంచిగున్నడు. డ్రై అంటే ఆరిపోయిండు."

ఎందుకు ఆరిపోయాడే అంటే, "స్నానం చేసిండు కావచ్చు."

దీని కింద ఉన్న ఐదు ప్రశ్నల్లో మూడింటికి రైటు పడింది, అదీ విచిత్రం. ప్రశ్నలో 'వర్రీడ్' అని ఉంటే ప్యాసేజీలో 'వర్రీడ్' ఎక్కడుందో వెతికి ఆ లైను మొత్తం దించేస్తుంది. బావి సంగతే తెలియకుండా ఐదుకు మూడు!

నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర. వంటా, పొద్దుటి బాక్సుల పనీ పోను ఒక అరగంట మిగులుతుంది. ఆయన ట్యూషన్ పెడదామంటున్నారు. ఆ అరగంటలో ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉంటే, చేసి చూసినవాళ్ళు చెప్పండి.

టీ_బిస్కెట్

పాపను ఏమీ అనకండి. మా ఆఫీసులో సర్క్యులర్ వస్తే అందరం ఇలాగే చదివి సంతకం పెడతాం.

పరకాల_పంతులు

22 ఏళ్ళుగా ప్రాథమిక బడిలో ఉన్నాను. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలో నలుగురైదుగురు ఉంటారు. గడగడా చదువుతారు కాబట్టి ఎవరి కంటా పడరు. మేం కూడా తడబడేవాడి పక్కనే కూర్చుంటాం, వీళ్ళను "శభాష్" అని వదిలేస్తాం. ఆ తప్పు నేనూ చేశాను.

ముందు ఒక పని చేయండమ్మా. పాపను చదవనివ్వకండి. మీరు చదవండి, ఆమె వింటుంది. విన్నాక కథ చెప్పమనండి. విని చెప్పగలిగిందంటే చిక్కు చదవడంలో ఉన్నట్టు. బుర్రంతా అక్షరాలు పలకడానికే అయిపోతోంది, కథకు చోటు మిగలడం లేదు. విన్నా చెప్పలేకపోతే చిక్కు భాషలో ఉన్నట్టు. ఆ మాటలు తెలియవు, లేదా ఆ మాటల వెనక ఉన్న సంగతి తెలియదు. దీనికీ దానికీ మందు వేరు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు దీన్ని లెక్కలాగా రాశారు. అక్షరం చదవగలగడం, భాష తెలియడం, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే చదివింది అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. ఒక పక్క సున్నా ఉంటే రెండో పక్క వంద ఉన్నా సున్నానే.

తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చేసి ఇక్కడ రాయండి. ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం.

భూపాలపల్లి_బొగ్గు

ఇంత థియరీ ఎందుకు సార్. రోజుకు రెండు ప్యాసేజీలు కూర్చోబెట్టి చేయిస్తే అదే వస్తుంది. మా వాడితో వేసవి సెలవుల్లో వంద చేయించాను. ఇప్పుడు ఐదుకు ఐదు.

రైల్వే_క్వార్టర్స్

ఐదుకు ఐదు సరే అన్నా, మీ వాడు తనంతట తాను పుస్తకం తీస్తాడా?

భూపాలపల్లి_బొగ్గు

అది అడక్కండి.

రైల్వే_క్వార్టర్స్

అడిగింది ఊరికే కాదులెండి, మా ఇంట్లోనూ అదే కథ. మా వాడు ఆరో తరగతి. పాఠంలో రెండో పేరా చదివేసరికి మొదటి పేరా మర్చిపోతాడు. సోషల్ అయితే దేవుడే దిక్కు. అదే వాడి చేతికి పేపర్లో ఆటల పేజీ ఇవ్వండి. "చివరి ఐదు ఓవర్లలో పరుగులు కట్టడి చేయడంతో" అని ఒక వాక్యం ఉంటే, అందులో రాయని సంగతి కూడా చెప్తాడు. స్పిన్నర్లకు బంతి ఇచ్చి ఉంటారట, పిచ్ పాతబడిందట. ఒకే పిల్లవాడు, ఒకే బుర్ర. నాకైతే అంతు చిక్కడం లేదు.

కేయూ_క్యాంపస్

రైల్వే అన్నా, మీ వాడి మీద 1988లోనే పరిశోధన అయిపోయింది. అమెరికాలో రెక్ట్, లెస్లీ అని ఇద్దరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథ ఇచ్చి చదివించారు. బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ళకంటే, చదవడంలో వెనకబడి ఆట తెలిసినవాళ్ళే కథను బాగా చెప్పగలిగారు. అంటే 'అర్థం చేసుకునే శక్తి' అని విడిగా ఒక కండరం లేదు, వ్యాయామం చేయించి పెంచడానికి. దేని గురించి చదువుతున్నారో దాని గురించి ముందే కొంత తెలిసి ఉండాలి. వంద ప్యాసేజీలు చేయించడం మీద నాకున్న అనుమానం అదే. వందకు వంద వేరే విషయాలు, ఒక్కదాని గురించీ లోతుగా ఏమీ ఉండదు.

భూపాలపల్లి_బొగ్గు

బేస్‌బాల్ మనకెందుకు తమ్మీ. మార్కులైతే వచ్చాయి కదా.

నయీంనగర్_అమ్మ

పంతులు గారూ, చేశాను.

తెలుగు కథ నేను చదివితే మొత్తం చెప్పింది. నేను మర్చిపోయిన కుక్కపిల్ల పేరు కూడా చెప్పింది. అలాంటిదే ఇంకో తెలుగు కథ తనతో చదివిస్తే సగం చెప్పింది. ఇంగ్లీషు కథ నేను చదివినా, తను చదివినా ఒకటే. గోడ.

ఒకటి మాత్రం కొత్తగా కనిపించింది. తను చదివేటప్పుడు ఫుల్‌స్టాప్ దగ్గర కూడా ఆగదు. ఎందుకే అంత పరుగు అంటే, "క్లాసుల ఫాస్టుగ చదివితే స్టార్ ఇస్తరు" అంది.

పరకాల_పంతులు

అయితే పాప బుర్రకు ఏ లోటూ లేదు. విన్న తెలుగు కథ కుక్కపిల్ల పేరుతో సహా చెప్పిన పిల్లకు కాంప్రహెన్షన్ వీక్ అనడానికి వీల్లేదు. ఇంగ్లీషు మాటలు రావు, అది ఒకటి. స్టార్ కోసం పరుగు, అది రెండోది.

పరుగు సంగతి చెప్తాను. నిపుణ్ భారత్ అని 2021లో కేంద్రం పెట్టిన కార్యక్రమంలో, మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలి అన్నారు. బళ్ళలో జనం 'అర్థంతో' వదిలేసి '60' పట్టుకున్నారు. స్టాప్‌వాచ్ వచ్చేసింది. ఇంకో తమాషా, మాటలు లెక్కపెట్టడం ఇంగ్లీషుకు నప్పినట్టు తెలుగుకు నప్పదు. 'వెళ్ళలేకపోయినందువల్ల' అనేది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో దానికి అరడజను కావాలి.

టీ_బిస్కెట్

'వెళ్ళలేకపోయినందువల్ల' అని నిమిషానికి 60 సార్లు అనగలిగితే నేనే స్టార్ ఇస్తాను.

కరీంనగర్_నాన్న

పంతులు గారి మాట కాదనను కానీ, తెలుగులో కథలు చెప్పించుకుంటూ కూర్చుంటే ఇంగ్లీషు పరీక్ష ఎవరు రాస్తారు? ఫీజు కట్టేదే ఇంగ్లీషు కోసం. మేం ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని రూలు పెట్టాం. మొదట్లో కష్టం, తర్వాత అలవాటైంది.

జమ్మికుంట_అక్క

కరీంనగర్ అన్నా, ఇంట్లో రోజంతా ఏం మాట్లాడుతున్నారో ఒకసారి రాసి చూడండి. 'కమ్, ఈట్, స్లీప్, హోంవర్క్, ఫాస్ట్.' మేం కూడా ఏడాది పాటు అదే రూలు నడిపాం. నాకు వచ్చిన ఇంగ్లీషు యాభై ముక్కలు, పిల్లవాడికీ ఆ యాభయ్యే వచ్చాయి. దాంతోపాటు మా అత్తమ్మతో వాడు మాట్లాడటం తగ్గించేశాడు, ఆమెకు ఇంగ్లీషు రాదని. ఆమె దగ్గరేమో మేడారం జాతర ఎడ్లబండి ప్రయాణాల నుంచి పాము కథల దాకా ఉన్నాయి. ఆ రూలు తీసేశాం.

కరీంనగర్_నాన్న

అందరి ఇళ్ళూ ఒక్కలా ఉండవు అక్కా. మా ఆవిడ ఇంగ్లీషు టీచర్.

జమ్మికుంట_అక్క

అలా అయితే మీ ఇంట్లో నడుస్తుంది, ఒప్పుకుంటాను. నాలాంటి వాళ్ళ ఇంట్లో కాదు.

పరకాల_పంతులు

సర్కారు బళ్ళలో 2022లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు, పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేలా అచ్చు వేశారు. తెలుగు పేజీ చదవడమంటే దొంగతనం అన్నట్టు చూసిన తల్లిదండ్రులు ఉన్నారు. నేను మాత్రం ముందు తెలుగు పేజీ చెప్పి, ఆ మర్నాడు ఇంగ్లీషు పేజీ తీసేవాణ్ణి. కథ ముందే తెలుసు కాబట్టి 'వెల్' అంటే బావి అని పిల్లలే పట్టుకునేవాళ్ళు. అర్థం ముందు ఒక భాషలో కుదిరితే రెండో భాషకు మాటలు అతికించడమే మిగులుతుంది.

చివరికి తెలుగుతో కూడా తంటా ఉందండోయ్. పాఠంలో 'మొక్కజొన్న' అని ఉంటే మా పిల్లలు బిక్కముఖం వేస్తారు. 'మక్కలు' అనగానే నవ్వుతారు. ఒకసారి 'గోంగూర' అంటే ఏంట్రా అన్నాను. "హోటల్ల దొరుకుతది సార్" అన్నాడొకడు. వాళ్ళింట్లో వారానికి రెండుసార్లు పుంటికూర వండుతారు.

నర్సంపేట_మిర్చి

నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే అనుకోకండి. మా బిడ్డ ఐదో తరగతి. మిర్చికి మందు తెచ్చినప్పుడు దాంతో వచ్చే కాగితం బిడ్డతో చదివిస్తాను. అక్షరాలు చీమల్లాగా ఉంటాయి, నాకు కనబడవు కూడా.

పోయిన సీజన్ల 'లీటరు నీటికి 2 మి.లీ.' అని చదివింది. మన ట్యాంకు 16 లీటర్లు, ఎంత పోయాలె బిడ్డా అన్నాను. "రెండు" అంది టక్కున. మళ్ళీ చదువు అన్నాను. మళ్ళీ అదే చదివింది, అదే "రెండు". మూడోసారి చదువుతూ 'లీటరు' అనే మాట మీద వేలు పెట్టి ఆగింది. వేలు అక్కడ్నే ఉంది, పెదవులు కదులుతున్నాయి. "ముప్ఫై రెండు నాన్నా" అంది. అప్పటిసంది ఏ కాగితం ఇచ్చినా వేలు పెట్టుకుంటూ నిదానంగా చదువుతుంది. తప్పు చదివితే తోట పోతుందని దానికి తెలుసు.

జమ్మికుంట_అక్క

తమ్ముడూ, సంగతి బాగుంది కానీ పిల్లను పురుగుమందుల దగ్గర కూర్చోబెట్టకు.

నర్సంపేట_మిర్చి

లేదక్కా, కాగితం ఒక్కటే ఇంటికి తెస్తాను. డబ్బా బాయికాడనే ఉంటది. మందు కొట్టేనాడు బిడ్డను ఆ దిక్కు రానియ్యను.

రైల్వే_క్వార్టర్స్

మందు కాగితం లేనివాళ్ళకు సేమియా ప్యాకెట్ ఉంది. నిన్న మా వాడిని ప్యాకెట్ వెనక చదివి పాయసం చేయమన్నాను. 'పాలు మరిగిన తరువాత' అన్న మాట వదిలేశాడు. ఏం తయారైందో అడగకండి, అందరం తిన్నాం.

జనగామ_జాబిలి

అందరూ చదివించి ప్రశ్నలు అడగమంటారు. నేను అడిగి చెడగొట్టుకున్నాను, అందుకే చెప్తున్నా. మా అబ్బాయి రెండో తరగతిలో రాత్రి కథ కోసం ఎదురుచూసేవాడు. ఎక్కడో వీడియో చూసి పేజీకొక ప్రశ్న మొదలుపెట్టాను. ఎవరు, ఎక్కడ, ఎందుకు, నీతి ఏంటి. నెల తిరక్కుండానే "ఇయ్యాల కథ వద్దమ్మా, నిద్ర వస్తుంది" అనేవాడు. పోలీసు స్టేషన్లో ఎవరికైనా నిద్రే వస్తుంది.

తర్వాత ప్రశ్నలు మానేసి, కావాలని తప్పు చెప్పడం మొదలుపెట్టాను. వాడు చదివిన కథ వాళ్ళ నాన్నకు చెప్తున్నట్టు చెప్తాను, మధ్యలో ఒకటి మార్చేస్తాను. "ఆ కోతి మొసలికి అరటిపండు ఇచ్చిందట కదా" అంటాను. వంటింట్లోంచి అరుపు వినిపిస్తుంది, "అరటిపండు కాదు, నేరేడు పండూ!" అని. పుస్తకం తెచ్చి చూపిస్తాడు. నన్ను తప్పు పట్టడం కోసం రెండుసార్లు చదువుతాడు. మొదట్లో పెద్ద తప్పులు చెప్పేదాన్ని, ఇప్పుడు చిన్నవి చెప్తున్నా. 'కోపంగా' ఉన్నచోట 'బాధగా' అంటాను. అక్కడ మాత్రం వాదన అవుతుంది. కోతికి నిజంగానే బాధ కూడా ఉందేమో కదా.

నయీంనగర్_అమ్మ

జాబిలి గారూ, ఇది ఈ రాత్రే చేస్తాను. తప్పు చెప్పడం నాకు బాగానే వచ్చు.

కేయూ_క్యాంపస్

జాబిలి అక్క చేసేదానికి దగ్గరగా ఇంకొకటి ఉంది. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ అని ఇద్దరు, సరిగ్గా ఈ పాప లాంటి ఏడో తరగతి పిల్లలను తీసుకున్నారు. చదవడం వచ్చు, అర్థం కాదు. వాళ్ళకు చేయించిన పనులు నాలుగు. తర్వాత ఏమవుతుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కానిచోట ఆగి తేల్చుకోవడం, చదివిందాన్ని రెండు ముక్కల్లో చెప్పడం. ఇవన్నీ మన టీచర్లు అడిగేవే. తేడా ఒక్కటే, కొన్నాళ్ళకు పిల్లవాడే టీచర్ అవుతాడు. వాడు అడుగుతాడు, మనం చెప్పాలి.

నయీంనగర్ అక్కా, నాలుగూ ఒకేసారి పెట్టకండి. ఒకటి చాలు. ప్యాసేజీ చదివాక ప్రశ్న మీరు అడగొద్దు, పాపను మిమ్మల్ని అడగమనండి.

భూపాలపల్లి_బొగ్గు

ఇది బాగుంది. మా వాడికి నన్ను ఇరికించడమంటే సరదా. చూస్తాను.

వడ్డేపల్లి_కళ్ళద్దాలు

విషయం కొంచెం పక్కకు వెళ్తుంది కానీ చెప్పాలి. మా పాపకు శ్రద్ధ లేదని ఏడాదంతా తిట్టాం. ఒక లైను చదివి మూడో లైనుకు పోయేది. తలనొప్పి అంటే సాకు అనుకున్నాం. చివరికి కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే రెండు కళ్ళకూ పవర్ ఉంది. అద్దాలు పెట్టిన రోజు చెట్టుకు విడివిడిగా ఆకులు ఉంటాయని చెప్పింది. నేను ఆ రోజు చాలా ఏడ్చాను. ఏం మొదలుపెట్టినా ముందు కళ్ళు చూపించండి, చెవులు కూడా.

పిల్లలతో_పని

ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పడం నా పని. పై పోస్టుకు ఇంకొంచెం కలుపుతాను. ఇక్కడి పాప గడగడా చదువుతోంది, విన్న కథ చెప్తోంది, కాబట్టి ఆమె గురించి కాదు. కానీ ఇది చదివేవాళ్ళలో వేరే రకం పిల్లలున్నవాళ్ళు ఉండొచ్చు. ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చినా ఒత్తులు, గుణింతాల దగ్గర ప్రతిసారీ కష్టపడటం, నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా కనిపించడం, మాట్లాడితే చురుకు కానీ పుస్తకం తెరిస్తే చెమటలు పట్టడం. ఇలా ఉంటే బద్ధకం అనుకుని కొట్టకండి, పరీక్ష చేయించండి. డిస్లెక్సియా లాంటివి 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. "పెద్దయితే అదే వస్తుంది" అని ఐదేళ్ళు ఆగి వచ్చేవాళ్ళను ఎక్కువగా చూస్తాను.

చౌరస్తా_తాత

నాకు డెబ్బై నాలుగు. మా మనవరాలికి నేను చేసే పని ఒక్కటే, కథ సగంలో ఆపేస్తాను. తలుపు చప్పుడైంది, లోపల ఎవరో ఉన్నారు, అన్నచోట కళ్ళద్దాలు తీసి "నీళ్ళు పట్టాలమ్మా, నల్లా వచ్చింది" అని లేస్తాను. నల్లా రాలేదని దానికీ తెలుసు. పుస్తకం అక్కడే బల్ల మీద బోర్లా ఉంటుంది. నేను బకెట్ తిప్పి వచ్చేసరికి తలుపు వెనక ఎవరున్నారో నాకే చెప్తుంది.

నాకు ఈ విద్య నేర్పింది హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. 1904లో, నిజాం కాలంలో పెట్టిన గ్రంథాలయం అది. చిన్నప్పుడు సాయంత్రం అక్కడ కూర్చుని చదువుతుంటే, సరిగ్గా కథ రసపట్టులో ఉన్నప్పుడు మూసేసే టైం అయ్యేది. రాత్రంతా తర్వాత ఏమైందో నేనే అల్లుకునేవాణ్ణి. మర్నాడు వెళ్ళి చూస్తే రచయిత ఇంకోలా రాసేవాడు. చాలాసార్లు నాదే బాగుండేది.

టీ_బిస్కెట్

తాతగారూ, సీరియళ్ళవాళ్ళు మీ దగ్గరే నేర్చుకున్నట్టున్నారు.

జమ్మికుంట_అక్క

కొనకుండా పుస్తకాలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ చూడండి. 2015 నుంచి ఉంది, ఉచితం. కథలు స్థాయిల వారీగా ఉంటాయి. అదే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతుంది చాలావాటికి. పంతులు గారు చెప్పిన ఎదురుబొదురు పేజీల పని ఇంట్లోనే చేయొచ్చు. ఫోన్లో మాత్రం వద్దు, మధ్యలో నోటిఫికేషన్ వస్తే కథ గోవిందా. నేను ప్రింటు తీయిస్తాను.

కరీంనగర్_నాన్న

ఇది మేమూ చూస్తాం. తెలుగు కోసం కూడా.

జమ్మికుంట_అక్క

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా అన్నా.

నయీంనగర్_అమ్మ

ఐదు వారాలైంది. చాలామంది ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

కళ్ళు చూపించాం, బాగానే ఉన్నాయి. ట్యూషన్ పెట్టలేదు. ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదు, అదీ చెప్పాలి.

జాబిలి గారి తప్పుల ఆట మొదటి రోజే క్లిక్ అయింది. పాప నన్ను "తప్పుల అమ్మ" అని పిలుస్తోంది, వాళ్ళ ఫ్రెండ్స్ ముందు కూడా. ముందు తెలుగు, మర్నాడు అదే కథ ఇంగ్లీషు, ఇది వారానికి మూడు రోజులు కుదిరింది. మిగతా రోజులు నాకే ఓపిక లేదు. రెండు రోజులైతే నేను చదువుతూ నిద్రపోయానట.

ఒక ఆదివారం రామప్పకు వెళ్ళాం. పిల్లకు పాఠం అని కాదు, మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. వెళ్ళేముందు పేపర్లో పాతది ఒక ముక్క దొరికితే చదవమన్నాను. 1213లో కట్టారు, నీళ్ళలో తేలే ఇటుకలు వాడారు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చదివింది, గోడ వైపు చూసింది. మామూలే. గుడి దగ్గర గైడు ఎవరికో ఇటుకల గురించి చెప్తుంటే వాళ్ళ వెనకాలే తిరిగింది. శిఖరం వైపు తల ఎత్తి చాలాసేపు చూసింది. రాత్రి ఇంటికొచ్చాక ఆ పేపరు ముక్క తనే వెతికి తీసి, "అమ్మా, తేలే ఇటుకలు పైన పెట్టిన్రు, బరువు తక్కువని. ఇండ్ల అది రాయలే" అంది. చదివిందాంట్లో ఏం లేదో చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇక మార్కులు. మొన్న మళ్ళీ ప్యాసేజీ టెస్టు పెట్టారు. ఐదుకు మూడు. అవును, అదే మూడు. పేపరు చూస్తే ఈసారి ఒక్క లైను కూడా దించలేదు, అన్నీ సొంత వాక్యాలు. ఒకదాంట్లో గ్రామర్ తప్పు, ఇంకోటి 'ప్యాసేజీలో ఉన్నట్టు లేదు' అని కొట్టేశారు. అర్థం మాత్రం రైటే. ఆయన మూడు చూశారు, నేను వాక్యాలు చూశాను. ఆ రాత్రి మా ఇద్దరికీ కొంచెం మాటామాటా అయింది.

పరకాల_పంతులు

పేపరు జాగ్రత్తగా పెట్టండమ్మా, పారేయకండి. ఈసారి మీటింగులో టీచరుకు రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూపించండి. గొడవగా కాదు, మామూలుగా. ఆవిడకు కూడా నలభై పేపర్లు దిద్దాలి, దించిన లైను దిద్దడం తేలిక.

కేయూ_క్యాంపస్

పాప మిమ్మల్ని ప్రశ్నలు అడగడం ఏమైంది అక్కా? అది రాయలేదు.

నయీంనగర్_అమ్మ

అది కావాలనే దాచాను, మా పరువు పోయింది కాబట్టి.

మొదటి రెండు వారాలు "బావి ఎట్లుంది?", "జనం ఎటు పోయిన్రు?" ఇలాంటివే అడిగింది, బడిలో అడిగినట్టు. నిన్న రాత్రి పాత వర్క్‌బుక్ తీసి అదే బావి కథ మళ్ళీ చదివింది. ఈసారి నిదానంగా. ఆయన కూడా పక్కనే ఉన్నారు. పుస్తకం మూసి మా ఇద్దరినీ అడిగింది, "ఆ ఊర్ల బోరు లేదా?"

నేను నీళ్ళు నమిలాను. ఆయన "అది పాతకాలం కథ బిడ్డా, అప్పుడు బోర్లు లేవు" అన్నారు ధీమాగా.

"పాతకాలం అని యాడ రాసి ఉంది?"

ఆయన పుస్తకం తీసుకున్నారు. పది లైన్లూ చదివారు. మళ్ళీ చదివారు. అన్నం చల్లారిపోతోంది. ఎక్కడా లేదు. ఆఖరికి ఎనిమిదో లైన్లో 'బులక్ కార్ట్' పట్టుకుని, "ఇదిగో, ఎడ్లబండి! పాతకాలమే కదా" అన్నారు, లాటరీ తగిలినట్టు.

పాప ఒక్క నిమిషం ఆలోచించింది. "తాత వాళ్ళ ఊర్ల ఎడ్లబండి ఇప్పుడు కూడ ఉంది. బోరు కూడ ఉంది."

టీ_బిస్కెట్

సార్‌కు ఐదుకు ఎన్ని?

నయీంనగర్_అమ్మ

సున్నా వేసింది. 'ప్యాసేజీలో లేదు' అని కింద రాసి సంతకం కూడా పెట్టింది.